కుటీరమా, గుడిసెనా? పునరుద్ధరించిన అడవిలో చిన్న ఇంటి రూపకల్పన

వ్యాససంగ్రహం

ఒకప్పుడు గొడ్డలికీ నాగలికీ లోనై, మళ్ళీ దేశవాళీ చెట్లతో కోలుకున్న అడవిలో కరెంటు తీగ, నీటి గొట్టం అవసరం లేని చిన్న ఇల్లు ఎలా ఉండాలన్నది ఈ వ్యాస విషయం. తెలుగులోని ఇంటి నిర్మాణ పదజాలం, వాల్మీకి రామాయణంలోని పర్ణశాల వర్ణన, సూర్యాపేట జిల్లా రాఘవాపురం అడవి, అమెరికాలో థోరో, లియోపోల్డులు వాడిన ఇళ్ళు ఇందులో ఆధారాలు. ఉత్తర తెలంగాణ ఆకురాల్చు అడవుల స్వభావాన్ని బట్టి తంగళ్ళపల్లి పరిసరాలకు తగిన ఇంటిని ఊహించి, దాని కొలతలను అడవి ఇవ్వగల కర్ర, కప్పు పట్టగల నీరు నిర్ణయిస్తాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కుటీరం, గుడిసె, పర్ణశాల, ఆకురాల్చు అడవి, మట్టి గోడ, గూనపెంకు, వాననీటి నిల్వ, తంగళ్ళపల్లి

1. మాటల్లోనే ఉన్న తేడా

తెలుగులో చిన్న ఇంటికి పేర్ల కొదవ లేదు. పాక, పూరిల్లు, గుడిసె, కొట్టం, మంచె, కుటీరం, పర్ణశాల అన్నవి వాటిలో కొన్ని. కొలతల్లో వీటి మధ్య పెద్ద తేడా ఉండనవసరం లేదు. తేడా అంతా గౌరవంలో ఉంది. బరో, ఎమెనోలు 1961లో వెలువరించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు తెలుగు ‘గుడి’, ‘గుడిసె’ పదాలను తమిళ ‘కుడి’తో ఒకే కుదురులో చేర్చింది, సంస్కృత ‘కుటి’ని కూడా అక్కడే ప్రస్తావించింది. దేవుడుండేది, కూలివాడుండేది, ముని ఉండేది ఒకే మాట నుంచి వచ్చాయన్నమాట. వాడుక మాత్రం వాటిని విడదీసింది. కవి, యోగి కుటీరంలో ఉంటారు. పాలేరు గుడిసెలో ఉంటాడు. కుటీరం కోరి ఎంచుకున్నది, గుడిసె గత్యంతరం లేక మిగిలినది. తెలంగాణ పల్లెల్లో ‘గుడిసెలు వేసిన్రు’ అంటే పేదలు ఇంటిజాగ కోసం నేలమీద తమ హక్కు చెప్పుకున్నారని అర్థం. ‘కుటీరాలు వేసిన్రు’ అని ఎవరూ అనరు.

ఈ విభజన తెలుగు నేలకే పరిమితమైనది కాదు. అడవిలో చిన్న ఇల్లు అనగానే ప్రపంచమంతా తలచుకునేది హెన్రీ డేవిడ్ థోరో 1845లో వాల్డెన్ చెరువు గట్టున కట్టుకున్న గదిని. దాని వెడల్పు 10 అడుగులు, పొడవు 15 అడుగులు. ఖర్చు 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లని ఆయనే పద్దు రాసిపెట్టాడు. ఆ గది పలకలు ఎక్కడివన్నది సాధారణంగా ఎవరూ అడగరు. రైలు మార్గం పనిచేస్తున్న జేమ్స్ కాలిన్స్ అనే ఐరిష్ కూలీ గుడిసెను థోరో 4 డాలర్ల 25 సెంట్లకు కొని, దాన్ని విప్పి, ఆ పలకలను తన గదికి వాడుకున్నాడు. కాలిన్స్ కుటుంబం తెల్లవారుజామున సామానంతా ఒక మూటలో కట్టుకొని దారిలో ఆయనకు ఎదురైంది. ఒకరి గుడిసె విప్పితే మరొకరి కుటీరం తయారైంది. థోరో ఈ సంగతి దాచలేదు, అది ఆయన నిజాయితీ. ఆయనను ఆదర్శంగా చెప్పుకునేవారు ఆ పుటను తొందరగా తిప్పేస్తుంటారు.

హైదరాబాదు చుట్టూ, ఇప్పుడు జిల్లా కేంద్రాల చుట్టూ కూడా ‘ప్రకృతి ఒడిలో’ వారాంతపు ఇళ్ళు వెలుస్తున్న కాలం ఇది. గుడిసెల్లో పుట్టిన తరం ఎంతో కష్టపడి స్లాబు ఇళ్ళకు మారింది. అందుకు కారణాలు సామాన్యమైనవి కావు. వానకు కారడం, నిప్పుకు కాలడం, పాములు, తేళ్ళు, అన్నిటికీ మించి ఊరి చూపులోని చులకన. ఆ గుడిసెనే డబ్బున్నవారు మరో పేరుతో తిరిగి కట్టుకుంటున్నప్పుడు, అడవిలోని చిన్న ఇల్లు ఎవరినుంచి ఏమి తీసుకుంటున్నదన్న ప్రశ్న తప్పదు. పునరుద్ధరించిన అడవి విషయంలో ఈ ప్రశ్న మరింత సూటిగా ఎదురవుతుంది. అక్కడ తీసుకునేది అడవి నుంచే, ఆ అడవికి ఇంకా ఇచ్చే శక్తి పూర్తిగా రాలేదు.

2. ముందు అడవి, తరువాత ఇల్లు

తెలంగాణలో వ్యక్తి సంకల్పంతో తిరిగి పెరిగిన అడవికి ప్రసిద్ధమైన ఉదాహరణ సూర్యాపేట జిల్లా మోతె మండలం రాఘవాపురంలో దుశర్ల సత్యనారాయణ పెంచిన అడవి. నల్గొండ ఫ్లోరైడ్ సమస్యపై జల సాధన సమితిని నడిపిన వ్యక్తిగా ఆయన ముందే సుపరిచితులు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలబడి దేశం దృష్టిని ఆ సమస్య వైపు తిప్పిన ఉద్యమం అదే. పూర్వీకుల నుంచి వచ్చిన సుమారు 70 ఎకరాల నేలను ఆయన దశాబ్దాలుగా సాగుకు, అమ్మకానికి పెట్టకుండా అడవికే వదిలివేశారు. అందులో నీటి కుంటలు ఏర్పరిచారు. ఈ ఉదాహరణలో గమనించవలసింది వరస. మొదట నీరు నిలిచింది, తరువాత చెట్టు, ఆ తరువాత పక్షి, జంతువు. మనిషి ఇంటి ప్రసక్తి ఆ వరసలో చివరన కూడా ప్రధానం కాదు.

మొక్కలు నాటడం, అడవి తిరిగి రావడం ఒకటి కాదని ఇక్కడ గుర్తు చేయాలి. దక్కను పీఠభూమి ఆకురాల్చు అడవికి ఒక బలముంది. టేకు, మోదుగ, తునికి వంటివి నరికిన మోడు నుంచి, భూమిలో మిగిలిన వేరు నుంచి మళ్ళీ చిగురిస్తాయి. పశువుల మేతను, ఏటేటా పెట్టే నిప్పును ఆపగలిగితే అక్కడ ఏళ్ళుగా మోకాలెత్తు పొదగా ఉండిపోయిన మోదుగ కొన్నేళ్ళలో మనిషెత్తు దాటుతుంది. నీలగిరి, సుబాబుల్ వరసలుగా నాటిన తోటకు ఈ గతం లేదు. పునరుద్ధరణ అంటే చాలావరకు అడ్డు తప్పుకోవడమే. అడ్డు తప్పుకున్న మనిషి అదే నేలమీద ఇల్లు కట్టాలనుకున్నప్పుడు అతని మొదటి రూపకల్పన నిర్ణయం ఎక్కడ కట్టకూడదన్నది అవుతుంది.

దీనికి అమెరికాలోని ఆల్డో లియోపోల్డ్ అనుభవం థోరో గదికన్నా దగ్గరి పోలిక. విస్కాన్సిన్ నది దగ్గర సారం చచ్చి యజమాని వదిలేసిన వ్యవసాయ క్షేత్రాన్ని ఆయన 1935లో కొన్నాడు. అక్కడ నిలబడి ఉన్న కట్టడం ఒక కోళ్ళ కొట్టం మాత్రమే. కొత్త ఇల్లు కట్టకుండా ఆ కొట్టాన్నే బాగుచేసి కుటుంబంతో వారాంతాలు గడిపాడు. కరెంటు లేదు, కుళాయి లేదు. చుట్టూ వేలాది పైన్ మొక్కలు నాటారు, మొదటి ఏళ్ళ కరవులో చాలావరకు చచ్చిపోతే మళ్ళీ నాటారు. ఇప్పుడు ఆ కొట్టం అడవిలో ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి అది అక్కడే ఉంది, అడవే దాని దగ్గరికి వచ్చింది. ఇప్పటికే తొక్కిడి పడిన చోటనే ఇల్లుండాలన్న సూత్రానికి ఇంతకన్నా మంచి నిదర్శనం దొరకదు.

3. పంచవటి: ఒక నిర్మాణ పాఠం

వాల్మీకి రామాయణం అరణ్యకాండలోని పంచవటి ఘట్టాన్ని సాహిత్య విద్యార్థులు సోదర ప్రేమకు ఉదాహరణగా చదువుతారు. ఇల్లు కట్టేవాని కన్నుతో చదివితే అది క్రమబద్ధమైన నిర్మాణ వివరణ. స్థలం ఎంపికకు రాముడు చెప్పే లక్షణాలు నీరు దగ్గరగా ఉండడం, సమిధలు, పూలు, దర్భ అందుబాటులో ఉండడం, ముగ్గురి మనసుకూ నచ్చడం. స్థలం నువ్వే చూపించాలని లక్ష్మణుడు కోరడం, రాముడు చూపిన మీదటే పని మొదలుకావడం కూడా గమనించదగినవి. తరువాత లక్ష్మణుడు వాడిన సామగ్రి వస్తుంది: తవ్వి తెచ్చిన మన్ను, గట్టి స్తంభాలు, పొడవైన వెదుళ్ళు, వాటిమీద పరిచిన జమ్మి కొమ్మలు, బిగించి కట్టిన తాళ్ళు, కప్పుకు దర్భ, రెల్లు, ఆకులు, చివరకు చదును చేసిన నేల.

ఈ జాబితాలో స్తంభాలను మినహాయిస్తే మిగిలినవన్నీ కోసిన చోటే తిరిగి వచ్చేవి. గడ్డి ఏడాదికి, వెదురు మూడు నాలుగేళ్ళకు, జమ్మి కొమ్మ రెండు మూడు వానలకు. పర్ణశాల వనవాసుల ఇల్లు కాబట్టి చిన్నదన్నది పైపై అర్థం. అడవి ఏటా ఇవ్వగలిగినదాన్ని మించి అది అడగలేదన్నది లోతైన అర్థం. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా దుమ్ముగూడెం మండలంలోని పర్ణశాల గ్రామం ఈ ఘట్టాన్ని తనదిగా చెప్పుకుంటుంది, నాసిక్ తనదంటుంది. ఆ వాదం ఎలా తేలినా, వాల్మీకి చెప్పిన సామగ్రి గోదావరి తీరం పొడవునా దొరికేదే.

4. తంగళ్ళపల్లి నేల, నీడ, నిప్పు

రాజన్న సిరిసిల్ల జిల్లాలో మానేరుకు ఒకవైపు సిరిసిల్ల పట్టణం, మరోవైపు తంగళ్ళపల్లి ఉన్నాయి. 2016 జిల్లాల పునర్విభజనతో తంగళ్ళపల్లి మండల కేంద్రమైంది. మరమగ్గాల చప్పుడుకు పేరుపడిన ప్రాంతం ఇది. ఊరు దాటితే ఎర్ర చెల్కలు, తాటిచెట్ల గట్లు, రాతి బోళ్ళ మధ్య పొదల అడవి. ఇలాంటి చోట ఒక పట్టా చెల్క ఇరవై ముప్పై ఏళ్ళు బీడుపడి, మోదుగ, టేకు, తునికి, రేల, చండ్ర, ఇప్ప తిరిగి పెరిగిందనుకొని ఇంటి రూపకల్పనను పరిశీలించవచ్చు. పట్టా భూమి అన్న మాట ముఖ్యం. రిజర్వు అడవిలో ఇలాంటి ఆలోచనకే చోటు లేదు. పట్టా భూమిలోనైనా చెట్టు కొట్టాలంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి కావాలి. ఈ చట్టాన్ని జనం ‘వాల్టా’ అనే పిలుస్తారు.

ఇంటి నిర్మాణంపై పాశ్చాత్య గ్రంథాలన్నీ ఒక సలహా ఇస్తాయి: ఇంటి చుట్టూ ఆకురాల్చే చెట్లుంటే ఎండాకాలం నీడ, చలికాలం ఎండ దొరుకుతాయి. తెలుగులో వస్తున్న వ్యాసాలు కూడా దీన్ని యథాతథంగా దిగుమతి చేసుకుంటున్నాయి. ఉత్తర తెలంగాణలో ఇది తలకిందులవుతుంది. ఇక్కడి చెట్టు ఆకు రాల్చేది చలికి తాళలేక కాదు, నీరు చాలక. జనవరిలో మొదలైన ఆకురాలు కాలం మార్చికి పూర్తవుతుంది. టేకు మళ్ళీ నిండుగా ఆకు తొడిగేది తొలకరి తరువాతే. పాదరసం 44, 45 డిగ్రీలకు చేరే ఏప్రిల్, మే నెలల్లో అడవి బోసిగా నిలబడి ఉంటుంది. ఎర్రగా పూసిన మోదుగ కవులకు వసంతం. దాని కింద కూర్చున్నవానికి నీడ లేని మధ్యాహ్నం.

కాబట్టి నీడ కోసం అడవిని మొత్తంగా నమ్ముకోకూడదు, అందులోని కొన్ని చెట్లనే నమ్ముకోవాలి. కానుగ, వేప సరిగ్గా ఎండలు ముదిరే వేళకు కొత్త ఆకుతో నిండుతాయి. నేరేడు, చింత దాదాపు ఏడాదంతా పచ్చగా ఉంటాయి. వాగు ఒడ్డున కానుగ, నేరేడు తమంతట తామే పెరిగే చోటు ఇంటికి తగిన చోటు, అయితే వాగుకు మరీ దగ్గరగా కాదు. అలాంటి చెట్లు ఇంటికి పడమట ఉండాలి. తంగళ్ళపల్లి సుమారు 18.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల మే రెండో వారంలోనూ, జూలై చివరిలోనూ మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ వేళ గోడలకన్నా కప్పుమీదే భారమంతా. గోడకు వచ్చే కష్టం సాయంత్రం పడమటి ఎండ. ఇంటి పొడవు తూర్పు పడమరలుగా ఉండి, పొట్టి గోడ పడమటికి రావడం, ఆ గోడకు కిటికీ లేకపోవడం ఈ లెక్క నుంచే వస్తాయి. వాస్తు పేరు చెప్పనవసరం లేదు.

రాలిన ఆకు మరో సమస్య. ఫిబ్రవరి నుంచి మే వరకు చీలమండ లోతున ఎండుటాకు పరుచుకొని ఉంటుంది. ఇప్పపూలు ఏరుకోవడానికి, తునికాకు చిగురు బాగా రావడానికి నేలకు నిప్పు పెట్టే అలవాటు ఇంకా పోలేదు. చుట్టపీక ఒక్కటి చాలు. లియోపోల్డ్ 1948లో మరణించింది పొరుగు క్షేత్రంలో గడ్డి మంటలను ఆర్పడానికి వెళ్ళినప్పుడే. చుట్టూ పది మీటర్ల వలయంలో ఆకు ఊడ్చి, గడ్డి కోసి, నేల కనిపించేలా ఉంచడం ఇంటి రూపకల్పనలో భాగమే తప్ప తరువాతి నిర్వహణ పని కాదు. ఇల్లు పెద్దదైతే ఈ వలయం కూడా పెరుగుతుంది, అంటే అడవికి దక్కని నేల పెరుగుతుంది. దారి విషయంలోనూ ఇదే మాట. లారీ వచ్చే బాట అడవికి ఇంటికన్నా ఎక్కువ చేటు చేస్తుంది. అందుకే ఇల్లు అడవి నడిమధ్యన ఉండడం తగదు. బండి బాటకు దగ్గరగా, పాత పశువుల కొట్టం లేదా పాడుబడ్డ మోటబావి ఉన్న అంచున ఉండాలి. అడవి నట్టనడుమ మనిషికి కావలసింది ఉంటే అది మంచె మాత్రమే. అది కూడా చేను కాసే రైతు కట్టుకునేంతటిది.

5. కర్ర, మన్ను, కప్పు

నరికిన మోడు నుంచి టేకు ఒక్క కాండంగా లేవదు, గుత్తిగా లేస్తుంది. ఆ గుత్తిలో బలమైనవి ఒకటి రెండు ఉంచి మిగిలినవి తీసేస్తే ఉంచినవి బాగా ఎదుగుతాయి. తీసినవి మూడు నాలుగంగుళాల మందం, పది పన్నెండు అడుగుల పొడవు ఉన్న కర్రలు. పునరుద్ధరించిన అడవి తన మేలు కోసమే, తగిన అనుమతితో, ఇవ్వగలిగిన కలప ఇది. పెద్ద దూలాలు దాని దగ్గర లేవు, ఉన్నా అడగకూడదు.

ఈ కర్ర పొడవే ఇంటి వెడల్పును నిర్ణయిస్తుంది. లోపల 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు ఉన్న గది తీసుకుందాం. చుట్టూ అడుగున్నర మందం మట్టి గోడ, దాన్ని దాటి మూడడుగుల చూరు. నడికొప్పు నుంచి చూరు అంచు వరకు అడ్డంగా తొమ్మిదిన్నర అడుగులు. కప్పు వాలు 30 డిగ్రీలుంటే వాసం పొడవు 11 అడుగులు అవుతుంది. అడవి ఇచ్చే పన్నెండడుగుల కర్ర సరిగ్గా సరిపోతుంది. గది వెడల్పు 14 అడుగులు చేస్తే వాసం 13 అడుగులు దాటుతుంది, అప్పుడు బజారు కలపో ఇనుమో రావాలి. థోరో గది కూడా 10 అడుగుల వెడల్పే ఉండడం యాదృచ్ఛికం కావచ్చు. ఒక మనిషి ఎత్తగలిగిన కర్రతో కట్టిన ఇళ్ళు చాలా దేశాల్లో ఆ కొలత దగ్గరే ఆగుతాయన్నది మాత్రం కాదనలేనిది.

నడికొప్పు కింది దూలాలకు, గుమ్మానికి గట్టి కలప తప్పదు. ముసలిదై పడిపోయిన తాటి మొద్దును చీల్చి వాడడం ఈ ప్రాంతపు పాత పద్ధతి. తాడి అడవి చెట్టు కాదు, పొలం గట్టు చెట్టు. అడవి భారాన్ని ఊరు పంచుకోవడమన్నమాట. వాసాల మీద పెండెలుగా వెదురు బద్దలు పరుస్తారు. మూడేళ్ళు నిండిన వెదురునే, వానలు వెళ్ళాక కోయాలి. కోసిన వెదురును కొన్ని వారాలు నీటిలో నానవేసే అలవాటు వెనుక బలమైన కారణముంది. పురుగును ఆకర్షించే పిండిపదార్థం నీటిలోకి దిగిపోతుంది. బోరాక్స్, బోరిక్ ఆమ్లం ద్రావణంలో నానవేస్తే మన్నిక ఇంకా పెరుగుతుంది.

గోడకు చెల్కమన్ను మేలు. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్ళిస్తుంది. పునాదికి, నేలపై రెండడుగుల వరకు రాయి ఉండాలి. కరీంనగర్ ప్రాంతపు గ్రానైటు క్వారీల దగ్గర పనికిరాదని కుప్పపోసిన ముక్కలు దీనికి చాలు, కొత్త రాయి కొట్టనవసరం లేదు. ఆ పైన వరిగడ్డి కలిపి తొక్కిన మన్నును మూరెడు ఎత్తు వరసలుగా వేసి, ఒక్కో వరస ఆరాక తరువాతిది వేస్తారు. తొందరపడితే కింది వరస ఉబ్బి కూలుతుంది. గోడ పని సంక్రాంతి తరువాత మొదలై మిర్గం ముందు ముగియాలి. లోపల అలుకు, బయట జాజు చాలు. వాన ఎక్కువగా కొట్టే పడమటి గోడకు మాత్రం సున్నపు గిలాబు తప్పదు. రాతికీ మట్టికీ నడుమ పలుచని నాపరాతి పలకలు పరచి గోడ బయటికి కాస్త పొడుచుకు వచ్చేలా ఉంచితే, చెదలు దారి కట్టినప్పుడు కంటికి కనబడుతుంది. చెదలను పూర్తిగా ఆపడం అడవిలో సాధ్యం కాదు, అవసరమూ లేదు. అవి ఎక్కడ ఎక్కుతున్నాయో తెలిస్తే చాలు.

కప్పు దగ్గర పర్ణశాలకు వీడ్కోలు చెప్పక తప్పదు. బోదగడ్డి, తాటాకు చల్లన, చవక. అడవికి హాని లేదు. అయినా పైన చెప్పిన నిప్పు కాలం దృష్ట్యా అవి ఇంటికి చితి పేర్చినట్టే. గడ్డి కప్పు మీది నీరు రంగుతో, చెత్తతో వస్తుంది, తాగడానికి పనికిరాదు. సిమెంటు రేకులు మధ్యాహ్నం పెనంలా కాలుతాయి. మిగిలింది గూనపెంకు. పాత ఇళ్ళు కూల్చిన ఊళ్ళలో గూనపెంకులు కుప్పలుగా దొరుకుతున్నాయి. వాటికి ఉన్న శత్రువు కోతి. తెలంగాణలో పెంకుటిళ్ళు స్లాబులుగా మారడానికి కోతుల పాత్ర ఎంతటిదో గృహ నిర్మాణ చరిత్రకారులు ఇంకా లెక్క కట్టవలసి ఉంది. చూరు అంచున నాలుగు వరసల పెంకులను సున్నంతో అతికించడం, కోతులు దూకడానికి వీలైన కొమ్మ కప్పుకు దగ్గరగా లేకుండా చూడడం తప్ప దీనికి గట్టి మందు లేదు.

6. కప్పు చెప్పే నీటి లెక్క

నీటికి బోరు వేయడం సులువైన దారి. సోలార్ పంపుతో కలిపి వేస్తే కరెంటు తీగ కూడా అక్కరలేదు. కాని బోరు వచ్చాక ఇల్లు చిన్నదిగా ఉండదు. తోట వస్తుంది, తొట్టి వస్తుంది, ఆపైన ఈత కొలను. అడవిలోని ఇంటికి హద్దు గీయగలిగేది నీరే కనుక, ఆ నీరు కంటికి కనబడే కొలతలో ఉండాలి.

పైన చెప్పిన ఇంటికి చూరుతో కలిపి కప్పు కింద పడే విస్తీర్ణం 19 అడుగులు, 24 అడుగులు. అంటే 456 చదరపు అడుగులు లేదా సుమారు 42 చదరపు మీటర్లు. ఏడాది వాన 900 మిల్లీమీటర్లు అనుకుంటే దానిపై 38,000 లీటర్ల నీరు పడుతుంది. పెంకు పీల్చుకునేది, మొదటి వానకు కడిగి పారబోసేది, చిన్న జల్లుల్లో ఆవిరయ్యేది తీసివేసి నూటికి డెబ్బై పాళ్ళు చేతికందితే దాదాపు 26,700 లీటర్లు. గ్రామీణ ప్రాంతాల్లో మనిషికి రోజుకు 55 లీటర్లన్నది జల్ జీవన్ మిషన్ ప్రమాణం. ఆ లెక్కన ఒక మనిషికి ఏడాదికి 20,075 లీటర్లు. మామూలు ఏడు ఒకరికి పోను అతిథులకు కొంత మిగులుతుంది. వాన నాలుగోవంతు తగ్గితే దాన్ని కరవు ఏడుగా వాతావరణ శాఖ లెక్కిస్తుంది. ఆ ఏడు చేతికందేది 20,000 లీటర్లు, సరిగ్గా ఒక్కరికి. ఈ కప్పు ఒక్క మనిషిని ఏడాదంతా, లేదా ఇద్దరిని ఆరు నెలలు పోషిస్తుంది. మూడో మనిషి నివాసం ఉండాలంటే ఇంటిని పెంచాలి. ఇంటిని పెంచాలంటే పన్నెండడుగుల వాసం చాలదు. కర్ర, నీరు ఒకే హద్దు దగ్గర కలుస్తున్నాయి.

వాన నాలుగు నెలల్లో వచ్చి వెళ్ళిపోతుంది. అక్టోబరు నుంచి తొలకరి దాకా సుమారు 250 రోజులకు 13,750 లీటర్లు నిల్వ ఉండాలి. రెండున్నర మీటర్ల లోతు, అంతకు కాస్త ఎక్కువ వ్యాసం ఉన్న గుండ్రటి భూగర్భ తొట్టి అందుకు కావాలి. ఇంటి మొత్తంలో సిమెంటు తప్పనిసరి అయ్యేది, ఖర్చు ఎక్కువ అయ్యేది ఇక్కడే. గదికన్నా తొట్టికే ఎక్కువ డబ్బు పెట్టవలసి రావడం చాలామందికి మింగుడుపడదు. పాత మోటబావి ఉంటే దాని పక్కన తొట్టి కట్టి, పొంగిన నీటిని బావికి మళ్ళించాలి. తొట్టి మూత బిగుతుగా, గొట్టాల నోళ్ళకు దోమల జాలి ఉండాలి. మరుగుదొడ్డికి నీరు వాడకుండా రెండు గుంతల పొడి పద్ధతి పాటిస్తే లెక్క నిలబడుతుంది. వాడిన ప్రతిసారీ చల్లడానికి వలయంలో ఊడ్చిన ఎండుటాకు, బూడిద ఉంటాయి. నిప్పు భయంతో తీసిన ఆకు ఆ విధంగా మళ్ళీ నేలకు చేరుతుంది.

7. వెలుతురు

కరెంటు విషయంలో చెప్పవలసింది తక్కువ. నాలుగు దీపాలు, ఒక తక్కువ వాటేజీ ఫ్యాను, ఫోను, ల్యాప్‌టాపు కలిపి రోజుకు సుమారు 600 వాట్ అవర్లు. ముసురు రోజుల్ని కూడా దృష్టిలో పెట్టుకుంటే 300 వాట్ల సోలార్ పలక, 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ సరిపోతాయి. చాలామంది పలకను కప్పు మీద పెట్టి మోసపోతారు. ఇల్లు నీడలో ఉండాలి, పలక ఎండలో ఉండాలి. ఒక మూల కొమ్మ నీడ పడినా మొత్తం పలక దిగుబడి పడిపోతుంది. కనుక పలకను ఇంటికి దూరంగా, నిప్పు వలయం అంచున గుంజమీద నిలపాలి. దానికోసం చెట్లు కొట్టవలసి వస్తే ఇంటి స్థలమే తప్పని అర్థం. రాత్రిపూట బయట దీపం వద్దు. వెలుతురుకు చేరే పురుగుల వెంట బల్లులు, కప్పలు, వాటి వెంట పాములు వస్తాయి. గడప ఎత్తుగా, అరుగు నునుపుగా ఉండాలని పెద్దలు చెప్పిన దాంట్లో అర్థం ఇదే.

8. కట్టేవారు, కూలేది

మట్టి గోడ తొక్కగలిగినవారు, గూనపెంకు నేయగలిగినవారు ఇప్పటికీ పల్లెల్లో ఉన్నారు, అయితే ఎక్కువమంది అరవై దాటినవారే. ఇలాంటి ఇల్లు కట్టించేవారు వారిని ‘సంప్రదాయ పరిజ్ఞానం’ కోసం పిలిచి, కూలి మాత్రం ఉపాధి హామీ రేటుకు ఇస్తే థోరో, కాలిన్స్‌ల కథ మళ్ళీ మొదలవుతుంది. నైపుణ్యానికి తాపీ మేస్త్రీతో సమానంగా కూలి, పని నేర్చుకునే ఇద్దరు కుర్రవాళ్ళకు కూడా కూలి అంచనా పద్దులో మొదటే రాయాలి. కుటీరానికి, గుడిసెకు మధ్య ఉన్న గౌరవపు తేడా ఈ పద్దులో ఎంత తగ్గితే అంత మేలు.

వదిలేసిన నాడు ఈ ఇల్లు ఏమవుతుందన్నది రూపకల్పనలో చివరి అంశం. కప్పు దిగిపోయిన రెండు మూడు వానలకు మట్టి గోడ కరిగి చెల్కలో కలుస్తుంది. వాసాలను చెదలు తీసుకుంటాయి. రాళ్ళమధ్య తేళ్ళు, ఉడుములు చేరతాయి. మోదుగ ఆ దిబ్బమీదే లేస్తుంది. మిగిలిపోయేది సిమెంటు తొట్టి ఒక్కటే. దాని మూత తీసి, ఒక పక్క గోడను మెట్లుగా కొట్టి, జంతువు దిగి ఎక్కగలిగేలా చేసి వెళ్ళాలి. లేకుంటే అది నీటికి వచ్చిన ప్రతి కుందేలునూ కొండగొర్రెనూ మింగే గొయ్యి అవుతుంది. ఆ మెట్ల కొలతను ఇల్లు కట్టే రోజునే తొట్టి పటంలో గీసి ఉంచాలి.